మార్జిన్ మనీకి కులం ఉంది

(తిరువూరు ఎక్స్‌ప్రెస్ – 11వ భాగం)

ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు అంటారు. సామెతల పాఠం చెప్పిన ప్రతిసారీ నాకు ఇక్కడ ఒక అనుమానం వస్తుంది. ఈ సామెత పుట్టించినాయనకు స్థలం ముందే ఉంది. ఆయన కష్టమంతా కలప దగ్గర, సున్నం దగ్గర, చెప్పిన రోజుకి రాని మేస్త్రి దగ్గర. ఎక్కడ కట్టాలి, అక్కడ కట్టనిస్తారా అన్న బెంగ ఆయనకు లేదు. ఆ మేస్త్రి కింద ఇటుకలు మోసిన మన నాయనమ్మను అడిగితే సామెత "జాగా కొని చూడు" అని మొదలయ్యేది.

పోయిన భాగంలో సాంఘిక సంక్షేమ హాస్టళ్ళ గురించి రాశాను. అది చదివి చాలామంది తమ్ముళ్ళు, చెల్లెళ్ళు ఒకే ప్రశ్న పంపారు. "అన్నా, హాస్టల్ అయిపోయింది, ఉద్యోగం కూడా వచ్చిందనుకో. అప్పుడైనా సిటీలో ఇల్లు కొనుక్కోగలమా?" బాగా అడిగారు. నగరం నడిమధ్యలో మనలో చాలామందిమి అద్దె కట్టకుండా బతికింది ఆ హాస్టల్ రోజుల్లోనే. దాని గేటు దాటాక ఏమవుతుందో ఈ భాగంలో చెప్తాను. నా జవాబు ముందే చెప్పేస్తున్నాను: జీతం ఒక్కదానితో కొనలేం. మనకు పొదుపు తెలియక కాదు. ఇంటి బేరంలో జీతం రెండో మెట్టు. మొదటి మెట్టు మీద అడిగేది మీ తాతకు ఏముంది అని.

880 గంటలు

నేను ఉండేది తిరువూరులో, పాఠం చెప్పేది విజయవాడలో. మధ్యలో 70 కిలోమీటర్ల పైచిలుకు. మా ఊరికి రైలు లేదు. ఎ.కొండూరు, మైలవరం, జి.కొండూరు, కొండపల్లి, ఇబ్రహీంపట్నం, గొల్లపూడి దాటుకుని పండిట్ నెహ్రూ బస్ స్టేషన్‌లో దిగేసరికి రెండు గంటలు. రోడ్డు మీద లారీ ఆగిపోయిన రోజు ఎంతసేపో బస్సు డ్రైవర్‌కే తెలియదు.

నా భార్య విజయవాడలో ప్రైవేటు ఆస్పత్రిలో స్టాఫ్ నర్సు. డ్యూటీలు కలిసిన రోజు ఇద్దరం ఒకే బస్సు ఎక్కుతాం. 2025 ఆగస్టు 15న స్త్రీశక్తి మొదలయ్యాక ఆమె ఆధార్ చూపించి ఉచిత టికెట్ తీసుకుంటుంది, నేను డబ్బిచ్చి తీసుకుంటాను. ఆ పథకం మీద జోకులేసే మగవాళ్ళు కొందరు ఆ బస్సులోనే ఉంటారు. నేను నవ్వను. మా ఇంటి బడ్జెట్‌లో అది నిజమైన డబ్బు. అయితే ఛార్జీ పోయింది గానీ దూరం పోలేదు. ఆమె తెల్లవారుజామున లేవడం, పాప నిద్ర లేవకముందే గడప దాటడం ఏ పథకంలోనూ తగ్గలేదు.

లెక్క చూద్దాం. రోజుకు రానూపోనూ నాలుగు గంటలు. ఏడాదికి 220 పనిదినాలు అనుకుంటే 880 గంటలు. రోజుకు 8 గంటల పని చొప్పున అది 110 రోజుల పని. కాలేజీ పక్కన కాపురముండే సహోద్యోగికి ఏటా నాకంటే 110 పనిదినాలు ఎక్కువ ఉన్నాయి. ఆ రోజుల్లో అతను వ్యాసం రాసుకుంటాడు, సెమినార్‌కి పేపర్ తయారుచేసుకుంటాడు, కూతురికి ఎక్కాలు చెప్తాడు, ఏమీ తోచకపోతే పడుకుంటాడు. ఆ తర్వాత ప్రమోషన్ ఇంటర్వ్యూలో ఇద్దరి ప్రచురణలనూ పక్కపక్కన పెట్టి చూస్తారు. అక్కడ మన వెనకబాటుకు "మెరిట్ లేకపోవడం" అని పేరు పెడతారు. బస్సు గురించి అడిగే గడి ఆ ఫారంలో ఉండదు.

మరి విజయవాడలోనే ఉండొచ్చుగా అంటారు. అక్కడికే వస్తున్నాను.

ఇద్దరు లెక్చరర్లు

కాలేజీలో నాతోపాటు ఒకే నెలలో చేరిన మిత్రుడు ఒకాయన ఉన్నాడు. ఇద్దరివీ ఒకే డిగ్రీలు, ఒకే జీతం. మంచివాడు. నా థీసిస్ సమర్పించే రోజున బైండింగ్ షాపు దగ్గర నాతోపాటు రాత్రి పదింటిదాకా నిలబడ్డాడు. ఉద్యోగంలో చేరిన మూడో ఏడు అతను ఫ్లాట్ కొన్నాడు. నేను కొనలేదు. ఎందుకో ఇద్దరం కూర్చుని ఒకరోజు కాగితం మీద లెక్క వేశాం.

లెక్క సులువుగా ఉండటానికి 50 లక్షల ఫ్లాట్ అనుకోండి. రిజర్వు బ్యాంకు నిబంధన ప్రకారం 30 లక్షలు దాటి 75 లక్షల లోపు గృహరుణానికి బ్యాంకు ఇంటి విలువలో 80 శాతం వరకే ఇవ్వాలి. అంటే 40 లక్షలు. మిగతా 10 లక్షలు కొనేవాడు తెచ్చుకోవాలి. దీన్నే బ్యాంకులో మార్జిన్ మనీ అంటారు. రిజిస్ట్రేషన్ ఖర్చు ఆ రుణంలో కలవదు. మన రాష్ట్రంలో స్టాంపు డ్యూటీ 5 శాతం, బదిలీ సుంకం 1.5 శాతం, రిజిస్ట్రేషన్ ఫీజు 1 శాతం, మొత్తం 7.5 శాతం. 50 లక్షల మీద 3 లక్షల 75 వేలు. అంటే ఇంటి తాళం చేతికి రావడానికి ముందే 13 లక్షల 75 వేలు సొంత డబ్బు ఉండాలి. ఇది అంతా తెల్లగా నడిచిన బేరం లెక్క. డాక్యుమెంటులో రాసే విలువ ఒకటి, చేతిలో పెట్టేది ఇంకొకటి అయ్యే బేరాలు మనకు కొత్త కాదు. బ్యాంకు డాక్యుమెంటు చూసి అప్పిస్తుంది. ఆ తేడా మొత్తం నోట్ల కట్టలుగా తెచ్చుకోవాల్సిందే.

ఇక 40 లక్షల అప్పు. 8.5 శాతం వడ్డీకి 20 ఏళ్ళయితే నెలకు దాదాపు 34,700 రూపాయల వాయిదా. ఇరవై ఏళ్ళలో కట్టేది 83 లక్షల పైన. భారమే. అయినా ఇద్దరు సంపాదించే ఇంట్లో పళ్ళబిగువున లాగొచ్చు. నా మిత్రుడు లాగుతున్నాడు, నేనూ లాగగలను. మా ఇద్దరి మధ్య తేడా ఆ నెలవారీ వాయిదాలో లేదు. ముందు పెట్టాల్సిన ఆ 13 లక్షల 75 వేలలో ఉంది.

అతనికి అది ఎక్కడి నుంచి వచ్చింది? వాళ్ళ నాన్న కాలువ కింద ఉన్న పొలంలో కొంచెం అమ్మాడు. ఎకరం కూడా కాదు. కాలువ ఎక్కడిది? 1855 నాటికి కృష్ణ మీద ఆనకట్ట పూర్తయింది. ఆ నీళ్ళు పారిన చోట మెట్ట మాగాణి అయింది, మాగాణి ధాన్యమైంది, ధాన్యం మిల్లులూ సినిమాహాళ్ళూ కాలేజీలూ అయింది. భూమి ఎవరి పేరున ఉందో వాళ్ళకు అయింది. ఆ పొలాల్లో నాట్లేసిన, కోతలు కోసిన, పాలేరుతనం చేసిన వాళ్ళకు కూలి వచ్చింది, అదీ కొలిచి పోసినంత. మా తాత పాలేరు. ఆయన జీవితకాలం చేసిన పని ఇంకొకరి మనవడి మార్జిన్ మనీలో ఉంది. ఇది నేను కోపంతో అనడం లేదు. ఆ రోజు లెక్కవేసిన కాగితం మీద నా మిత్రుడే చివరికి ఆ మాట అన్నాడు: "మా నాన్న అమ్మింది మా తాత ఒక్కడి కష్టం కాదురా."

మరి నా జీతం ఏమైంది? మొదటి తరం జీతం ఏమవుతుందో మీకు చెప్పాలా? చెల్లెలి బీఈడీ అయింది. నాన్న తుంటి ఆపరేషన్ అయింది. ఇంటి రేకులు తీసి స్లాబ్ వేయించడం అయింది. పిన్ని కొడుకు ఇంజనీరింగ్ ఫీజులో సగం అయింది. మా మిత్రుడికి జీతం అంటే తన ఇంటి ఆదాయం. నాకు జీతం అంటే మా పల్లె మొత్తం ఎదురుచూసే వాన. అది తప్పని నేను అనను. వాళ్ళు కడుపు మాడ్చుకుంటేనే నేను చదివాను. అయితే ఈ ఖర్చు ఏ బ్యాంకు ఫారంలోనూ కనబడదు. పొదుపు లేదు అని మాత్రం కనబడుతుంది.

"ఓసీల్లో పేదలు లేరా?" అని ఎవరో ఒకరు అంటారు. ఉన్నారు. వాళ్ళకూ ఇల్లు కావాలి. వాళ్ళ గురించి కూడా ఈ భాగం చివర్లో ఒక డిమాండు ఉంది. కాని రిజర్వేషన్ మనకు ఇచ్చింది ఆదాయం, ఆస్తి కాదన్న సంగతి దీనివల్ల మారదు. ఉద్యోగం ఇచ్చాం కదా, ఇంకా ఏడుపెందుకు అనేవాళ్ళు ఆదాయాన్నీ ఆస్తినీ ఒకటే గాట కడుతున్నారు.

ఇల్లుంది, కాగితం లేదు

"మీకు ఊళ్ళో ఇల్లుంది కదా, అది అమ్మో, తాకట్టు పెట్టో తెచ్చుకోవచ్చుగా?" ఈ మాట నన్ను బ్యాంకులో ఒక అధికారి మర్యాదగానే అడిగాడు. మా ఇంటి కాగితాలు తీసుకెళ్ళి చూపించాను. ఒకటి ఇంటి పన్ను రసీదు. ఇంకొకటి ఎప్పుడో మా నాయనమ్మ పేర ఇచ్చిన నివేశన స్థలం పట్టా, మడతల దగ్గర చిరిగింది. లింకు డాక్యుమెంట్లు ఏవి అన్నాడు. ఈసీ తెమ్మన్నాడు. రిజిస్ట్రేషనే కాని ఇంటికి ఈసీలో ఏముంటుంది? ఇల్లు ఉన్న మాట ఎదురుగా కనబడుతోంది, కాని బ్యాంకు దృష్టిలో మాకు ఇల్లు లేదు.

పొలం ఉన్నవాళ్ళ సంగతీ అంతే. మనలో భూమి ఉన్న కుటుంబాల్లో చాలావాటికి ఉన్నది అసైన్డ్ పట్టా. 1977 నాటి అసైన్డ్ భూముల బదిలీ నిషేధ చట్టం ఆ భూమిని అమ్మకూడదంటుంది. నేను ఆ చట్టానికి వ్యతిరేకిని కాను. అది లేకపోతే ఆ భూములు ఒక్క కరువు ఏడాదిలో, ఒక్క పెళ్ళి ఖర్చులో పెద్ద చేతుల్లోకి పోయేవి. 2023లో 20 ఏళ్ళు దాటిన అసైన్డ్ భూములు అమ్ముకోవచ్చని సవరణ తెచ్చారు. ఆ తర్వాత వచ్చిన ప్రభుత్వం అక్రమాలు జరిగాయంటూ ఆ రిజిస్ట్రేషన్లు ఆపింది. ఈ రెంటి మధ్య దళిత రైతు చేతిలో ఉన్నది తినడానికి పనికొచ్చే భూమే తప్ప, పిల్లల్ని నగరానికి చేర్చడానికి పనికొచ్చే ఆస్తి కాలేదు. పక్క చేలో రైతుకు అదే ఎకరం అవసరానికి అమ్మకం, తాకట్టు, కట్నం, ఫీజు, ఫ్లాట్, ఏదైనా అవుతుంది.

అందుకే మార్జిన్ మనీకి కులం ఉంది అంటున్నాను. బ్యాంకు మేనేజర్ కులం అడగడు. అడగాల్సిన అవసరం లేదు. కాగితాలు అడుగుతాడు. మన కులం కాగితాల్లో లేకపోవడంగా నమోదై ఉంది.

ఆదివారం ఎక్కడికెళ్తారు?

కొనలేనప్పుడు అద్దెకుండాలి. అద్దె కట్టే స్తోమత మాకుంది. రెండేళ్ళ కింద ఇద్దరం నెలరోజుల పాటు ఆదివారాలన్నీ విజయవాడ వీధుల్లో టులెట్ బోర్డులు చూసుకుంటూ తిరిగాం. "శాకాహారులకు మాత్రమే" అని రాసినవి పక్కన పెడదాం, అవి కనీసం ముందే చెప్తున్నాయి. బోర్డు లేని ఇళ్ళలో ప్రశ్నలు వరసగా వస్తాయి. ఏం చేస్తుంటారు? లెక్చరరా, మంచిది. ఏ ఊరు? తిరువూరు దగ్గరా, మా వాళ్ళున్నారు అక్కడ. ఇంటిపేరు? ఊళ్ళో ఎటువైపు? ఇవన్నీ దాటితే చివరి ప్రశ్న: "ఆదివారం ఎక్కడికెళ్తారు?" ఈ ప్రశ్న మన కోస్తా జిల్లాల సొంత ఆవిష్కరణ. గుడా, చర్చా అని అడిగినట్టుంటుంది. అడిగింది పల్లె నుంచా, ఊరి నుంచా అని. జవాబు విన్నాక గొంతు మారదు, మర్యాద తగ్గదు. "మా అబ్బాయి అమెరికా నుంచి వస్తున్నాడండీ, ఖాళీగా ఉంచుదామనుకుంటున్నాం" అంటారు. ఆ నెలలో ఎంతమంది అబ్బాయిలు అమెరికా నుంచి బయల్దేరారో!

మా ఇద్దరి అనుభవమే ఇది అనుకుంటే పొరపాటు. సుఖదేవ్ థోరట్, ఆయన సహచరులు ఢిల్లీ పరిసర నగరాల్లో అద్దె ఇళ్ళ మీద చేసిన అధ్యయనం 2015లో ఎకనామిక్ అండ్ పొలిటికల్ వీక్లీలో వచ్చింది. అగ్రకుల పేరు, దళిత పేరు, ముస్లిం పేరు పెట్టుకుని అద్దెకు అడిగితే, దళిత, ముస్లిం పేర్లకే తిరస్కారాలు, అదనపు షరతులు ఎదురయ్యాయి. ముస్లిం మిత్రులు మనకంటే ముందే ఈ వీధుల్లో తిరిగి అలసిపోయారు. ఈ పోరాటం వాళ్ళతో కలిసి చేయాల్సిందే.

ఇంకా వెనక్కి వెళ్దాం. 1917లో బాబాసాహెబ్ అంబేడ్కర్ బరోడా సంస్థానంలో ఉద్యోగానికి వెళ్ళారు. కొలంబియాలో చదివొచ్చిన మనిషి. చేతిలో ఉద్యోగముంది, జీతముంది. తలదాచుకునే చోటు దొరకలేదు. పార్సీ పేరుతో పార్సీల సత్రంలో దిగారు. సంగతి తెలిసి పార్సీలు కర్రలు పట్టుకుని వచ్చి ఖాళీ చేయించారు. హిందూ మిత్రుడూ, క్రైస్తవ మిత్రుడూ ఇంట్లో పెట్టుకోలేమన్నారు. ఆయన ఒక తోటలో కూర్చుని, రాత్రి రైలెక్కి బొంబాయి తిరిగి వెళ్ళారు. చదువు, ఉద్యోగం, జీతం ఈ మూడూ ఉండి కూడా ఇల్లు దొరక్కపోవడం వల్ల నగరం వదిలి వెనక్కి రావడం మన చరిత్రలో అక్కడ నమోదైంది. తిరువూరు బస్సులో సాయంత్రం వెనక్కి వచ్చేవాళ్ళం దానికి కొనసాగింపులం.

ఆ బాబాసాహెబే 1948 నవంబర్ 4న రాజ్యాంగ సభలో గ్రామాన్ని ఆకాశానికెత్తేవాళ్ళను నిలదీశారు. ఊరు మనకు ఏమిటో ఆయనకు తెలుసు. 1985లో కారంచేడు మారణకాండ తర్వాత బాధితులు తలదాచుకోవడానికి నడిచింది చీరాల పట్టణానికే. పట్టణం మనకు సౌకర్యం కోసం కాదు, ఊపిరి కోసం. ఆయన నగరానికి పొమ్మన్నారు. నగరం ధర మనల్ని మైలవరం దగ్గర ఆపుతోంది. అక్కడైనా ఆగనిస్తుందా అంటే, ఔటర్ రింగ్ రోడ్డు మాట వినబడగానే ఆ రోడ్డు పక్క వెంచర్ల బోర్డులన్నీ అమరావతికి ఎన్ని నిమిషాలో రాయడం మొదలుపెట్టాయి.

సెంట్లు, కిలోమీటర్లు

ప్రభుత్వాలు పేదలకు ఇళ్ళు ఇవ్వలేదా? ఇచ్చాయి. ఎక్కడ ఇచ్చాయో చూద్దాం.

2001లో కేంద్రం వాల్మీకి అంబేడ్కర్ ఆవాస్ యోజన తెచ్చింది. ఆ పేరులోని మొదటి అక్షరాలతో విజయవాడలో ఒక కాలనీయే ఉంది, వాంబే కాలనీ. బాబాసాహెబ్ పేరులో ఒక్క ముక్క ఆ మాటలో ఉందని అక్కడ పుట్టిన పిల్లల్లో ఎందరికి తెలుసో! 2024 సెప్టెంబర్ 1న బుడమేరు ముంచినప్పుడు ఆ వాంబే కాలనీ మునిగింది. సింగ్‌నగర్ మునిగింది. రాజరాజేశ్వరిపేట మునిగింది. జక్కంపూడి వైపు కాలనీలు మునిగాయి. రోజుల తరబడి మేడల మీద మనుషులు పాలప్యాకెట్ కోసం, మంచినీళ్ళ కోసం చేతులు చాచారు. బుడమేరు కొత్త శత్రువేం కాదు, 2005లోనూ నగరాన్ని ముంచింది. ఏరు పారే దారి ఏదో తెలిసి ఉన్న నగరంలో, చౌక భూమి ఎక్కడుందో అక్కడికే పేదల్ని పంపారు. అది చౌక ఎందుకైందో అడిగితే, నీళ్ళు వస్తాయి కాబట్టి.

తర్వాత సెంట్ల యుగం వచ్చింది. 2020 డిసెంబర్ 25న పేదలందరికీ ఇళ్ళు మొదలైంది. పట్టణాల్లో ఒక సెంటు, పల్లెల్లో సెంటున్నర. సెంటు అంటే 48 గజాల చిల్లర. ఇప్పుడున్న ప్రభుత్వం పట్టణాల్లో రెండు సెంట్లు, పల్లెల్లో మూడు సెంట్లు అంటోంది. ఒకరు సెంటంటే ఇంకొకరు రెండంటారు. ఈ పాటలో ఎవరూ పలకని మాట ఒకటుంది: కిలోమీటర్లు. ఆ స్థలం పని దొరికే చోటికి ఎంత దూరం? ఆస్పత్రికి, కాలేజీకి ఎంత దూరం? తెల్లవారి ఇళ్ళల్లో పనికి పోయే అమ్మ మొదటి బస్సు ఎన్నింటికి? మూడు సెంట్లు ఇచ్చి ముప్పై కిలోమీటర్లు దూరం పంపితే ఇచ్చింది ఎంత, తీసుకున్నది ఎంత?

నగరానికి దగ్గరగా ఇస్తామన్నప్పుడు ఏమైందో కూడా చూశాం. 2023లో అమరావతిలో ఆర్-5 జోన్ పేరుతో సుమారు 1,400 ఎకరాల్లో ఎన్టీఆర్, గుంటూరు జిల్లాల పేదలు 50 వేల మందికి పైగా సెంటు చొప్పున పట్టాలు ఇచ్చారు. మే 26న వెంకటపాలెంలో సభ పెట్టి పంచారు. ఆగస్టు 3న హైకోర్టు అక్కడ ఇళ్ళ నిర్మాణం మీద స్టే ఇచ్చింది. రాజధాని కోసం భూమి ఇచ్చిన రైతులు మాస్టర్ ప్లాన్ మార్చడానికి వీల్లేదన్నారు. వాళ్ళకు జరిగిన మోసం మీద వాళ్ళ బాధ నిజం, వాళ్ళలో మన అసైన్డ్ రైతులూ ఉన్నారు. కాని ఆ గొడవలో వినబడిన ఇంకో మాట నేను మర్చిపోలేను: పేదలు వస్తే జనాభా సమతుల్యం దెబ్బతింటుందట! మనం ఒక ప్రభుత్వానికి కోర్టులో వాడుకునే ఆయుధమయ్యాం, ఇంకొందరికి రాజధాని అందం చెడగొట్టే మరకయ్యాం. ఇంటి యజమానులం మాత్రం ఎవరి లెక్కలోనూ కాలేదు. ఆ పట్టాలు ఇనప్పెట్టెల్లో మా నాయనమ్మ పట్టాలాగే మడతల దగ్గర చిరుగుతాయి.

విచిత్రమేమిటంటే ఈ సంగతి చట్టంలోనే రాసి ఉంది. 2014 నాటి రాజధాని ప్రాంత అభివృద్ధి సంస్థ చట్టం, సమీకరించిన భూమిలో కనీసం 5 శాతం పేదల ఇళ్ళకు కేటాయించాలంటుంది. మనం అడుక్కోవాల్సిన పని లేదు. ఆ 5 శాతం ఎక్కడ, ఎప్పుడు, ఎవరికి అని అడిగితే చాలు.

ఒక భాషా సంగతి చెప్పి డిమాండ్లలోకి వెళ్తాను. "కాలనీ" అనే మాట చూడండి. విజయవాడలో గురునానక్ కాలనీ అంటే ఇంటి ముందు కారు, గేటు దగ్గర వాచ్‌మన్. మా వైపు ఊళ్ళల్లో "కాలనీ వాళ్ళు" అంటే మనమే. హరిజనవాడ బోర్డు చెరిపి కాలనీ అని రాశారు, అర్థం మాత్రం పాతదే ఉంచారు. ఒకే మాట నగరంలో ధర పెంచుతుంది, ఊళ్ళో మనిషి విలువ దించుతుంది. ఇది నిఘంటువులు పట్టుకోలేని అర్థభేదం. ఇందులో భూమి చరిత్ర మొత్తం ఉంది.

అడగాల్సినవి

ఒకటి. 2013లో ఎస్సీ, ఎస్టీ ఉపప్రణాళిక చట్టం సాధించుకున్నాం. దాని గడువు 2023లో ఇంకో పదేళ్ళు పొడిగించారు. ఆ నిధుల్లోంచి మొదటి ఇల్లు కొనే దళిత, ఆదివాసీ కుటుంబానికి మార్జిన్ మనీని వడ్డీ లేని అప్పుగా ఇవ్వాలి. ఉచితంగా ఇవ్వమనడం లేదు. తాత ఇవ్వలేనిది ప్రభుత్వం అప్పివ్వాలి, ఇరవై ఏళ్ళలో తీరుస్తాం. మొదటి ఇంటికి ఆ 7.5 శాతం రిజిస్ట్రేషన్ ఖర్చు మాఫీ చేయాలి.

రెండు. ప్రతి దళితవాడలో ఇప్పుడున్న ఇళ్ళకు బ్యాంకు ఒప్పుకునే రిజిస్టర్డ్ హక్కుపత్రాలు కావాలి, ఆడవాళ్ళ పేరు మీద. కొత్త సెంట్లు పంచడం కంటే పాత ఇళ్ళకు కాగితం ఇవ్వడం చౌక. దానికి సభలు అక్కర్లేదు, సర్వేయర్లు చాలు.

మూడు. ఇది అన్ని కులాల పేదల కోసం. నగరం లోపల, బస్సు దిగి నడిచే దూరంలో, ప్రభుత్వం కట్టి ప్రభుత్వమే అద్దెకిచ్చే కుటుంబ గృహాలు కావాలి. అద్దె ఇళ్ళ సముదాయాల పథకం 2020లోనే కేంద్రం ప్రకటించింది, అంటే ఆలోచన కొత్తది కాదు. హాస్టల్ మనల్ని నిలబెట్టింది. ఉద్యోగంలో మొదటి పదేళ్ళు కుటుంబంతో ఉండే అలాంటి చోటొకటి కావాలి. ప్రభుత్వ యజమాని ఆదివారం ఎక్కడికెళ్తారని అడగకూడదు, అడిగితే కోర్టుకు లాగొచ్చు.

నాలుగు. ప్రైవేటు యజమానినీ వదలక్కర్లేదు. 1955 నాటి పౌరహక్కుల పరిరక్షణ చట్టం నాలుగో సెక్షన్‌లో, ఏ ప్రాంతంలోనైనా నివాస గృహం కట్టుకోవడానికి, పొందడానికి, అందులో ఉండటానికి అంటరానితనం పేరుతో అడ్డుపడటం నేరమని ఉంది. బాధితులు ఎస్సీలైతే ఆ అడ్డు అంటరానితనం వల్లే అని కోర్టు ముందుగా అనుకోవాలని 12వ సెక్షన్ చెప్తుంది, కాదని నిరూపించుకోవాల్సింది అవతలివాళ్ళు. ఎన్నేళ్ళుగానో ఉన్న చట్టం ఇది. లా చదివే మన పిల్లలు ఈ రెండు సెక్షన్లూ చేత్తో రాసుకుని జేబులో పెట్టుకోండి. తిరస్కారం ఎదురైన తేదీ, వీధి, అడిగిన ప్రశ్న రాసిపెట్టుకోండి. ఒక్క కేసు గట్టిగా నిలబడితే "మా అబ్బాయి అమెరికా నుంచి వస్తున్నాడు" అనే ముందు నాలుగు వీధులు ఆలోచిస్తాయి.

మా తిరువూరు ఎస్సీ రిజర్వుడు నియోజకవర్గం. మాకు అసెంబ్లీలో ఒక కుర్చీ ఖాయం. ఏ పార్టీ వాళ్ళు ఆ కుర్చీలో కూర్చున్నా ఈ నాలుగు అడగమని అడుగుదాం. రోడ్డు, కల్యాణమండపం, విగ్రహం అడిగినట్టే మార్జిన్ మనీ అడగడం కూడా నేర్చుకోవాలి. విగ్రహం దగ్గర ఏప్రిల్ 14న దండ వేస్తాం కదా, ఆ రోజు మైకులో ఒక ఐదు నిమిషాలు బరోడా కథ చెప్పి, ఆ తర్వాత ఈ లెక్క చెప్పండి.

ఈ సెలవుల్లో ఇంటికి వెళ్ళే విద్యార్థులకు ఒక పని అప్పజెప్తున్నాను. ఇంట్లో మూడు విషయాలు అడిగి రాసుకోండి. మన ఇంటి కాగితం ఎవరి పేరు మీద ఉంది, అది ఏ రకం కాగితం? మన బంధువుల్లో నగరంలో ఇల్లు కొన్నవాళ్ళు ఎవరైనా ఉంటే మొదట కట్టిన డబ్బు ఎక్కడి నుంచి తెచ్చారు? కొనలేక వెనక్కి వచ్చినవాళ్ళు రోజుకు ఎన్ని గంటలు ప్రయాణం చేస్తున్నారు? పేర్లు వద్దు, ఊరూ అంకెలూ చాలు. నాకు పంపండి. ఒక వంద కుటుంబాల లెక్క చేతిలో ఉంటే, ఉపప్రణాళిక నిధుల మీద కలెక్టరేట్‌లో మాట్లాడేటప్పుడు మన దగ్గర ఆవేశంతోపాటు కాగితం కూడా ఉంటుంది.

12వ భాగంలో నర్సుల రాత్రి డ్యూటీలు, ఆఖరి బస్సు గురించి రాస్తాను. అది నాకంటే నా భార్యకు ఎక్కువ తెలుసు కాబట్టి ఆమే చెప్తుంది, నేను టైపు చేస్తాను.

జై భీమ్.